నిద్రలో మూసుకునే గొంతు: అడ్డు జాడ తీసిన పరీక్షలు

గురక పెడుతున్న మనిషి ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతాడు. ఛాతీ, పొట్ట ఎగసిపడుతూనే ఉంటాయి, గాలి మాత్రం లోపలికి పోదు. కాసేపటికి ఉలిక్కిపడి మళ్లీ గురక అందుకుంటాడు. అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాలో చిక్కంతా ఒక్కచోటే ఉంది: గొంతు మూసుకునేది నిద్రలో, డాక్టరు చూసేది మెలకువలో. ఈ ఎడం తగ్గించడానికి పడిన పాటే ఈ పరీక్షల చరిత్ర.

1965లో ఫ్రాన్స్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో నిద్రలో ఊపిరి ఆగడాన్ని రికార్డు చేశారు. అడ్డు ఎక్కడుందో ఆ గీతలు చెప్పలేదు. 1978లో రెమర్స్ బృందం నిద్రపోతున్న రోగుల గొంతులో పీడనాన్ని, నాలుక కండరం పనితీరును కొలిచింది. కండరం పట్టు సడలినప్పుడు, మెత్తని గొట్టాన్ని గట్టిగా పీలిస్తే అతుక్కుపోయినట్టు గొంతు మూసుకుంటుందని తేల్చింది.

1981లో డెట్రాయిట్‌లో ఫుజిటా అంగిలి శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. కొండనాలుకనూ, అంగిలిలో అదనపు భాగాన్నీ తీసేసే ఈ ఆపరేషన్ సగం మందికి కూడా తగినంత మేలు చేయలేదని తర్వాతి సమీక్షల్లో తేలింది. కొందరిలో అడ్డు నాలుక వెనకాల ఉంటే, అంగిలి కోసి లాభమేమిటి? అందుకే ఆ దశకంలో వెతుకులాట ముమ్మరమైంది. పక్కనుంచి తీసిన తల ఎక్స్‌రేలో దవడనూ, నాలుక ఎముకనూ కొలిచారు. సీటీ స్కాన్ తీశారు. ముక్కులోంచి సన్నని స్కోపు దింపి, ముక్కూ నోరూ మూసి ఊపిరి పీల్చమన్నారు. ఇవన్నీ మెలకువలో చేసినవే.

ఖర్చులేని పరీక్ష మాత్రం ఒక తెలుగువాడి పేరు మీద నిలిచింది. బోస్టన్‌లో మత్తు డాక్టరైన మల్లంపాటి శేషగిరిరావు, శ్వాసనాళంలో గొట్టం వేయడం ఎవరిలో కష్టమో ముందే పసిగట్టే పద్ధతిని 1985లో ప్రచురించారు. రోగి నిటారుగా కూర్చుని, నోరు బాగా తెరిచి, నాలుక చాపాలి. కొండనాలుక పూర్తిగా కనిపిస్తే దారి సుగమం. నాలుక చాటున దాగితే ఇరుకు. ఆయన చెప్పిన మూడు తరగతులకు 1987లో శామ్సూన్, యంగ్ నాలుగోది కలిపారు. 1999లో ఫ్రీడ్‌మన్ దీన్నే మార్చి, నాలుక చాపకుండా లోపలే ఉంచి, స్లీప్ ఆప్నియా అంచనాకు వాడాడు.

నిద్రకు దగ్గరగా వెళ్లినవాళ్లు లండన్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్. 1991లో వాళ్లు మత్తుమందుతో నిద్రపుచ్చి, గురక మొదలయ్యాక స్కోపుతో చూసే పద్ధతిని ప్రకటించారు. అంగిలి, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, ఉపజిహ్వికల్లో ఏది ఎంత మూసుకుంటోందో రాసుకునే 'వోట్' పట్టిక 2011లో వచ్చింది. అంగిలి చుట్టూ వలయంలా మూసుకునే వారిని 2014 నాటి నాలుక నరాల ఉద్దీపన చికిత్స పరిశోధనలో చేర్చకపోవడానికి ఈ మత్తు నిద్ర స్కోపు పరీక్షే ఆధారం.

మత్తు నిద్ర సహజ నిద్ర కాదు. టార్చి వెలుతురులో చూసిన గొంతు రాత్రి గొంతు కాదు. అందుకే ఒక్క పరీక్షనే నమ్ముకోకూడదు. రాత్రి రికార్డింగు తీవ్రత చెబుతుంది, నోటి పరీక్ష అనుమానం రేపుతుంది, స్కోపు చోటు చూపిస్తుంది. ఈ మూడింటినీ కలిపి చదివాకే కత్తి పట్టాలి. ఫుజిటా తర్వాతి అనుభవం వైద్యానికి నేర్పిన పాఠం ఇదే.