న్యూ మ్యూటెంట్స్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు నగరము కేంద్రముగా గల మార్వెల్ కామిక్స్ సంస్థ 1982లో ప్రథమముగా ప్రకటించిన వీరబృంద చిత్రకథ. దీనికి కథారచయిత క్రిస్ క్లేర్‌మాంట్, తొలి చిత్రకారుడు బాబ్ మెక్‌లౌడ్. అప్పటికే సుప్రసిద్ధమైయున్న ఎక్స్-మెన్ అను చిత్రకథకు ఇది శాఖగా పుట్టినదైనను, కౌమారమున నున్న బాలబాలికలు తమ శక్తులను జూచి తామే భయపడుటను, ఆ భయమును విద్యాభ్యాసముచే జయింప యత్నించుటను ప్రధాన వస్తువుగా గైకొనుటచేత, మూలకథకంటె భిన్నమైన స్వభావమును సంపాదించుకొన్నది.

దీని పుట్టుకకు హేతువు మూలకథ చరిత్రయందే కలదు. స్టాన్ లీ రచనతోను జాక్ కర్బీ చిత్రణముతోను 1963 సెప్టెంబరు తేదీతో వెలువడిన ఎక్స్-మెన్ తొలి సంచికలో, పుట్టుకతోనే అసాధారణ శక్తులను గలిగి, యౌవనారంభమున ఆ శక్తులు బయల్పడగా లోకముయొక్క ద్వేషమునకు గురియగు మ్యూటెంట్లు అనువారిలో కొందఱు కిశోరులు, వెస్ట్‌చెస్టరు ప్రాంతమున ఆచార్య చార్లెస్ జేవియర్ నడపు విద్యాలయమున శిక్షణ పొందుచుందురు. ఆ చిత్రకథకు తగిన ఆదరణ లభింపక, 1970 నుండి కొన్ని యేండ్లు పాతకథలే పునర్ముద్రితములగుచుండెను. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ అనువారు కెన్యా, జర్మనీ, రష్యా, కెనడా మున్నగు దేశముల నుండి క్రొత్తవారిని దెచ్చి బృందమును పునర్నిర్మింపగా, క్లేర్‌మాంట్ ఆ భారమును వహించి దానిని అమెరికాలో మిక్కిలిగా అమ్ముడుపోవు చిత్రకథలలో నొకటిగా జేసెను. అయితే ఆ క్రొత్తవారిలో పెక్కురు వయస్సు వచ్చినవారు. 1980లో పదమూడేండ్ల కిట్టీ ప్రైడ్ ప్రవేశించువరకు విద్యాలయమను పేరు మిగిలినదే గాని విద్యార్థులు లేకపోయిరి. న్యూ మ్యూటెంట్స్ పూరించినది ఈ లోటునే.

1982 నాటి గ్రంథము మార్వెల్ వారి చిత్రనవలల వరుసలో నాల్గవది. అందు ఐదుగురు విద్యార్థులు పరిచితులగుదురు. వారి జన్మస్థానములును పూర్వవృత్తాంతములును అలంకారప్రాయములు గాక, వారి శక్తులతో విడదీయరాని సంబంధము గలవి. కెంటకీ బొగ్గుగని కార్మికుని కుమారుడైన సామ్ గత్రీ, తండ్రి మరణానంతరము కుటుంబపోషణకై తానును గనిలో దిగగా, అచట సంభవించిన ప్రమాదమున ఆకాశబాణమువలె దూసికొనిపోవు శక్తి అతనియందు బయల్పడెను. బ్రెజిల్ దేశపు ధనిక కుటుంబమువాడైన రొబెర్టో డ కోస్టాకు ఫుట్‌బాల్ క్రీడాస్థలమున, వర్ణద్వేషులైన ప్రత్యర్థులు తనపై బడి కొట్టుచుండగా, సౌరశక్తి దేహమును నల్లగా గమ్మెను. తోడేలు రూపము దాల్చగల స్కాట్లండు బాలిక రేన్ సింక్లేరు, తాను పాపినియని బోధించు మతగురువు పెంపకమున పెరిగి, గ్రామస్థులు వెంటాడగా మొయిరా మక్‌టాగర్ట్ అను శాస్త్రజ్ఞురాలి ఆశ్రయమున బ్రదికినది. ఇతరుల మనస్సులను వశపఱచుకొనగల షాన్ కోయ్ మాన్ వియత్నాము నుండి వచ్చిన శరణార్థిని. తన తమ్ముని, చెల్లెలిని పోషింపవలసిన బాధ్యత ఆమెపై నుండెను. క్లేర్‌మాంటును ఫ్రాంక్ మిల్లరును ఈమెను 1980లోనే వేఱొక చిత్రకథలో సృజించియుండిరి. ఇతరుల అంతరంగమునందలి భయములను ఆకృతులుగా వెలికి దీయగల షయెన్ జాతి బాలిక డానియెల్ మూన్‌స్టార్ ఐదవది. ఈ అయిదుగురిలో స్త్రీలే అధికసంఖ్యాకులగుట ఆనాటి వీరబృంద చిత్రకథలలో గమనింపదగిన విశేషము.

జేవియర్ తన పూర్వశిష్యులు మరణించిరని తలంచి దుఃఖమున మునిగియున్నవాడు. క్రొత్తవారికి శిక్షణ నిచ్చుటకు మొదట అంగీకరింపడు. మొయిరా ప్రార్థనచే అంగీకరించిన పిమ్మటను, వీరు యోధులు గారనియు విద్యార్థులనియు పదేపదే హెచ్చరించుచుండును. మొదటి ఎక్స్-మెన్ ధరించిన నలుపు పసుపు వన్నెల ఏకరూప వస్త్రములనే వీరికిని ఇచ్చుట ఈ భావమునకు చిహ్నము.

1983 మార్చి తేదీతో మాసపత్రికగా ఆరంభమైన ఈ చిత్రకథకు మెక్‌లౌడ్ తరువాత సాల్ బుసీమా చిత్రములు వ్రాసెను. తొలినాటి సంచికలు చక్కగా సాగినను అపూర్వములని చెప్పుటకు వీలులేదు. దీనికి శాశ్వతకీర్తిని సమకూర్చినది 1984 ఆగస్టు నాటి 18వ సంచికతో చేరిన బిల్ సింకేవిచ్. చిన్ననాటి నుండి డానియెల్‌ను వెంటాడు రాక్షస భల్లూకమును ఆ సంచికలో ఆమె ఒంటరిగా నెదుర్కొని తీవ్రముగా గాయపడును. తరువాతి రెండు సంచికలలో ఆమె ఆసుపత్రిలో ప్రాణాపాయస్థితి యందుండగా సహాధ్యాయులు ఆ భూతముతో పోరాడుదురు. తుదకు, తల్లిదండ్రులను పొట్టన బెట్టుకొన్నదని ఆమె నమ్మియున్న ఆ భల్లూకమే దుష్టశక్తిచే రూపము మార్చబడిన ఆ తల్లిదండ్రులని తేలును. సింకేవిచ్ సిరాను చిమ్మి, రేఖలను వక్రించి, పరిమాణములను తాఱుమాఱు చేసి, భల్లూకమును పుట యంతయు నాక్రమించు చీకటిగా జిత్రించెను. కంటికి గన్పట్టు రూపమును గాక మనస్సున గలుగు భీతిని గీయుటయే ఆతని పద్ధతి. అలవాటుపడిన శైలిని కోరిన పాఠకులకిది రుచింపకపోయినను, మాసపత్రికారూపమున వెలువడు అమెరికా చిత్రకథలో చిత్రకళ యెంత దూరము పోగలదో ఈ సంచికలు నిరూపించినవనుట నిస్సంశయము.

రచనాపక్షమున దీనికి సాటిరాగలది 1986 నవంబరు నాటి 45వ సంచిక. అందు దుష్టుడెవ్వడును లేడు, యుద్ధమును లేదు. తాను మ్యూటెంటునని దాచుకొని బ్రదుకుచున్న లారీ బోడీన్ అను బాలుడు, తోటివారు పరిహాసమునకై చేసిన బెదిరింపును నిజమని నమ్మి ప్రాణము దీసికొనును. ఆతని సంస్మరణ సభలో కిట్టీ ప్రైడ్ చేయు ప్రసంగము, మనుష్యులకు మనుష్యులు పెట్టు పేర్లెంత క్రూరములో తెలుపును. బాలురకై వ్రాయబడిన పత్రికలో ఇట్టి కథను ఇంత నిగ్రహముతో వ్రాయుట సామాన్యకార్యము గాదు. ఆ కాలముననే జేవియర్ స్థానమున, ఒకప్పటి శత్రువైన మాగ్నెటో విద్యాలయాధిపతి యగుటయు ఈ చిత్రకథ సాహసములలో నొకటి.

1987లో క్లేర్‌మాంట్ విరమింపగా, అంతకు పూర్వము సంపాదకురాలిగా నుండిన లూయీజ్ సైమన్‌సన్ రచయిత్రి యయ్యెను. ఆమె కాలమున, సకలభాషలను గ్రహించుట దప్ప వేఱు శక్తి యెఱుగని, బృందమున తరువాత చేరిన డగ్ రామ్సీ 60వ సంచికలో మరణించెను. 1990లో 86వ సంచికతో రాబ్ లీఫెల్డ్ చిత్రకారుడుగా వచ్చిన పిమ్మట మార్పు త్వరితమాయెను. కేబుల్ అను సాయుధ నాయకుడు ప్రవేశించెను; పాఠశాల పోయి సైనిక శిబిరము వచ్చెను. 98వ సంచికలో డెడ్‌పూల్ అను పాత్ర తొలిసారిగా గన్పట్టెను. 1991 ఏప్రిల్ నాటి నూఱవ సంచికతో పత్రిక ముగిసి, అదే యేట ఎక్స్-ఫోర్స్ అను క్రొత్త పేరుతో ఆరంభమైన దాని తొలి సంచిక సుమారు 50 లక్షల ప్రతులు అమ్ముడుపోయెను. సంచికతోబాటు వేర్వేఱు చిత్రపటములను జేర్చి సంచులలో మూసి అమ్ముటచే ఒక్కొక్కరే పెక్కు ప్రతులు కొనుటయు ఇందుకు ముఖ్యకారణము. విక్రయములలో అది విజయమే. కాని విద్యార్థుల కథ యచటనే యంతరించినది.

2003లోను, 2009లోను, 2019లోను ఈ పేరు పునరుద్ధరింపబడినది. జాష్ బూన్ దర్శకత్వమున భల్లూకకథ నాధారముగా నిర్మితమైన చలనచిత్రము పలుమార్లు వాయిదాపడి 2020 ఆగస్టు 28న విడుదలయ్యెను. ఈ బృందమును తెలిసికొనగోరువారు ఆ చలనచిత్రముతో గాక 1982 నాటి గ్రంథముతో నారంభించి, 18 మొదలు 20 వరకు గల సంచికలను, 45వ సంచికను తప్పక చదువవలెను.