లష్కర్

ఆషాఢం వచ్చిందంటే గోల్కొండ బోనాలు, తర్వాత లష్కర్ బోనాలు, ఆ తర్వాత లాల్ దర్వాజా బోనాలు. మొదటిది కోట, చివరిది దర్వాజా, నడిమిది సైన్యం. లష్కర్ అంటే పారశీకంలో దండు. సికింద్రాబాద్‌కు అది వాడుక పేరు.

ఆ దండు నిజాంది కాదు. 1798లో నిజాంతో కుదిరిన ఒడంబడిక తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేసుకున్న ఈస్టిండియా కంపెనీ పటాలాలవి. ఖర్చు నిజాంది, పెత్తనం కంపెనీది. 1806లో నిజాం సికందర్ జా పేరు తగిలించి ఆ విడిదిని సికింద్రాబాద్ అన్నారు. జనం మాత్రం కంటికి కనబడినదాన్నే పేరుగా పెట్టుకున్నారు. నాకు ఆ పేరే నిజాయితీగా తోస్తుంది.

ఆ స్థావరం ఆనవాళ్లు వెతకబోతే తిరుమలగిరిలో 1857 తిరుగుబాటు తర్వాత కట్టుకున్న కందకపు కోట, పాత మిలిటరీ జైలు ఉన్నాయి. కానీ కంటోన్మెంట్‌లో చాలా భాగం నేటికీ సైన్యం చేతిలోనే ఉంది. గేటు దగ్గరే ఆపేస్తారు. మాటల దగ్గర కాపలా లేదు. పికెట్, పరేడ్ గ్రౌండ్, రెజిమెంటల్ బజార్. ఏ రెజిమెంట్ అని ఏ ఆటోవాలానూ అడగకండి, ఎక్కించుకోడు.

లష్కర్ బోనాలు జరిగే ఉజ్జయినీ మహంకాళి గుడి కథా దండుదే. సైన్యంలో డోలీ మోసే సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినిలో ఉండగా హైదరాబాదులో కలరా ప్రబలిందని విని మొక్కుకున్నాడనీ, తిరిగొచ్చాక 1815లో అమ్మవారిని నిలిపాడనీ చెబుతారు. దొరల విగ్రహం కాదు, బోయీ మొక్కు నిలిచింది.

మన దగ్గర లష్కర్ అనే మాటకు ఇంకో రూపముంది: లస్కరు. ఉర్దూ నుంచి నేరుగా వచ్చినప్పుడు ‘ష’ నిలిచింది. పోర్చుగీసు, ఇంగ్లీషు నోళ్ల మీదుగా తిరిగొచ్చేసరికి ‘స’ అయింది, హోదా కూడా పడిపోయింది. మొత్తం సేనకు చెందిన పేరు ఓడల్లో చాకిరీ చేసే ఆసియా నావికుడికి, ఫిరంగులు లాగే, గుడారాలు వేసే కూలికి మిగిలింది. అక్కణ్ణుంచి నీటిపారుదల శాఖలోకి దిగింది. కృష్ణా, గోదావరి కాలువల గట్ల మీద తిరుగుతూ తూము తలుపులు ఎత్తి దించేవాడు ఇప్పటికీ లస్కరే. చివరి ఆయకట్టు రైతుకు ఇందులో పారశీకం ఎంతో అక్కర్లేదు. మడికి తడి అందనప్పుడు, ‘లస్కరెక్కడ?’ అని గట్టు వెంబడి కేకేస్తాడు.