ఫింగర్ లేక్స్ ప్రాంతంలో ఐరోపా ద్రాక్ష: సరస్సు, వేరుమూలం, శాసనం

1. ప్రవేశిక

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తర దక్షిణాలుగా చేతివేళ్లలా సాగిన పదకొండు సరస్సుల ప్రాంతమే ఫింగర్ లేక్స్. అక్కడ శీతకాలం తీవ్రమైనది. అయినా వైన్‌కు ప్రసిద్ధమైన ఐరోపా ద్రాక్షజాతి వినిఫెరా నేడు అక్కడ విస్తారంగా పండుతోంది. ఈ విజయాన్ని సరస్సుల వరంగా చెప్పడం పరిపాటి. ఆ వివరణ ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. సరస్సు పాత్ర

హిమానీనదాలు తొలిచిన ఈ సరస్సులలో సెనెకా లోతు సుమారు 188 మీటర్లు. లోతైన నీరు వేసవి వేడిని దాచుకొని చలికాలంలో నెమ్మదిగా విడిచిపెడుతుంది. వసంతంలో అదే నీటి చల్లదనం చిగుళ్లను ఆలస్యం చేసి, మంచుదెబ్బ నుంచి కాపాడుతుంది. బరువైన చల్లగాలి వాలు నేలల మీదుగా కిందికి జారిపోతుంది.

క్యూకా సరస్సు తీరంలోని హామండ్స్‌పోర్ట్‌లో 1829లో విలియం బాస్ట్‌విక్ అనే క్రైస్తవ మతాచార్యుడు ద్రాక్ష నాటాడు. 1860లో ప్లెజెంట్ వ్యాలీ వైన్ కంపెనీ ఏర్పడింది. అయితే ఆ కాలమంతా ప్రధానంగా సాగైనవి కటాబా, ఇసబెల్లా, డెలావేర్ వంటి అమెరికన్ రకాలే. సరస్సులు అప్పుడూ ఉన్నాయి. వినిఫెరా మాత్రం నిలవలేదు. కాబట్టి సరస్సు అవసరమైన కారణమే గాని, చాలిన కారణం కాదు.

3. వేరుమూలం

1899లో ఉక్రెయిన్‌లో జర్మన్ సంతతి కుటుంబంలో జన్మించిన కాన్‌స్టాంటిన్ ఫ్రాంక్, శీతల ప్రాంతాలలో వినిఫెరా సాగుపై పరిశోధన చేసిన శాస్త్రజ్ఞుడు. 1951లో అమెరికాకు వలస వచ్చిన ఆయనకు జెనీవా పట్టణంలోని వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో దొరికినవి పొలం పనులే. ఈ చలికి వినిఫెరా బతకదన్నది నాటి స్థిరాభిప్రాయం. ఉక్రెయిన్ చలిలో దాన్ని పెంచిన ఫ్రాంక్, లోపం అంటుకట్టే వేరుమూలంలో ఉందని వాదించాడు. తీగ త్వరగా ముదిరితే శీతకాలాన్ని తట్టుకుంటుంది. ఆ త్వరితత్వం తగిన వేరుమూలం వల్ల వస్తుంది. ఫిల్లోక్సెరా అనే వేరుపురుగు బెడద వల్ల కూడా అంటు తప్పనిసరి.

ఆ వాదనను విన్నవాడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన షాంపేన్ నిపుణుడు, గోల్డ్ సీల్ సంస్థ అధ్యక్షుడు చార్లెస్ ఫోర్నియే. 1953లో ఆయన ఫ్రాంక్‌ను పనిలోకి తీసుకున్నాడు. కెనడాలోని క్విబెక్‌లో ఒక క్రైస్తవ మఠపు తోటలో దొరికిన వేరుమూలాలు వారి ప్రయోగాలకు తోడ్పడ్డాయి. రీస్లింగ్, షార్డనే తీగలు నిలిచాయి. 1962లో ఫ్రాంక్ సొంత వైన్ సంస్థను స్థాపించాడు.

4. శాసనం

తీగ నిలిచినంత మాత్రాన రైతు నిలవడు. 1976 నాటి న్యూయార్క్ ఫార్మ్ వైనరీ చట్టం, చిన్న రైతులు తమ ద్రాక్షతో వైన్ తయారుచేసి నేరుగా వినియోగదారులకు అమ్ముకొనే మార్గాన్ని సుగమం చేసింది. ఆ తర్వాతే చిన్న వైనరీలు విస్తరించాయి.

5. ముగింపు

ప్రకృతి అవకాశమిచ్చింది, అంటు దాన్ని సాధ్యం చేసింది, చట్టం దాన్ని జీవనోపాధిగా మార్చింది. వీటితోపాటు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. ప్రాంతానికి కావలసిన జ్ఞానం పరిశోధనా కేంద్రపు పొలంలోనే పనిచేస్తున్నా, దాన్ని గుర్తించినది ఆ కేంద్రం కాదు, ఒక వైన్ తయారీదారు. ఒక పంట అసాధ్యమనే నిర్ణయం నేల గురించి చెప్పే దానితో పాటు, ఎవరి అనుభవాన్ని ప్రమాణంగా తీసుకున్నారో కూడా చెబుతుంది. వ్యవసాయ చరిత్రకారులు ఆ రెండింటినీ వేరుచేసి చూడవలసి ఉంది.