మినమాత దగ్గర పుట్టిన చదువు

పర్యావరణం, సుస్థిరాభివృద్ధి మీద పీజీ చేయడానికి జపాన్ వస్తామంటూ హైదరాబాద్ నుంచీ విజయవాడ నుంచీ పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. స్కాలర్‌షిప్ దొరుకుతుందా, జపనీస్ రాకపోతే కుదురుతుందా అని అడుగుతారు. ఇంగ్లీషులో చెప్పే కోర్సులు ఉన్నాయి. క్యోటో విశ్వవిద్యాలయం 2002లోనే ఈ చదువుకు ప్రత్యేకంగా ఒక గ్రాడ్యుయేట్ స్కూలు పెట్టింది. టోక్యో విశ్వవిద్యాలయంలో సుస్థిరత శాస్త్రం కోర్సు 2007లో మొదలైంది. ఇవన్నీ చెప్పాక ఇంకో మాట కూడా చెబుతాను: బయల్దేరే ముందు మినమాత చరిత్ర చదువుకుని రండి. ఇక్కడ ఈ చదువుకు పునాది వేసింది ఆ ఊరి రోగులు.

మినమాత క్యూషూ దీవిలో, షిరనుయి సముద్రం ఒడ్డున ఉంది. చిస్సో కంపెనీ ఫ్యాక్టరీ ఆ ఊరికి అన్నం పెట్టింది. 1932 నుంచి అక్కడ పాదరసం వాడి ఎసిటాల్డిహైడ్ తయారుచేశారు. వ్యర్థాలు అఖాతంలోకి, అక్కణ్ణించి చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి చేరాయి. ముందు పిల్లులు పిచ్చిపట్టినట్టు గిరగిరా తిరిగి చచ్చాయి. తర్వాత పసిపిల్లలకు మాట పడిపోయింది, నడక పోయింది. 1956 మే 1న ఫ్యాక్టరీ ఆసుపత్రి పెద్ద డాక్టర్ హొసొకావా హజిమె, ఎవరూ ఎరగని నరాల జబ్బు వచ్చిందని ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టారు.

1959 జులైలో కుమమోతో విశ్వవిద్యాలయం వైద్యులు ఇది సేంద్రియ పాదరసం పనేనని చెప్పారు. అదే ఏడాది హొసొకావా ఫ్యాక్టరీ వ్యర్థజలాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టారు. దాని నంబరు 400. అక్టోబరులో ఆ పిల్లికీ అవే లక్షణాలు వచ్చాయి. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి పొక్కనివ్వలేదు. డిసెంబరు 30న రోగుల చేత ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టించుకుంది. చనిపోయినవాళ్లకు 3 లక్షల యెన్లు, అదీ పరిహారమని కాదు, పరామర్శ సొమ్మని. రేపు తప్పు ఫ్యాక్టరీదేనని తేలినా మళ్లీ డబ్బు అడగకూడదన్న షరతు కూడా అందులోనే ఉంది. ఆ షరతు చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. పిల్లి సంగతి తెలిసిన కంపెనీ రాయించుకున్న కాగితం అది. 1973 మార్చి 20న కుమమోతో కోర్టు ఆ ఒప్పందం చెల్లదని కొట్టేసింది. ఈలోగా, 1968 దాకా, పాదరసం సముద్రంలోకి పోతూనే ఉంది.

ఇక చదువు సంగతి. హరదా మసాజుమి అనే యువ వైద్యుడు 1961లో ఒక ఇంటికి వెళితే అన్నదమ్ములిద్దరూ ఒకేలా వంకర్లుపోయి కనిపించారు. పెద్దవాడిది మినమాత జబ్బు, చిన్నవాడికి పుట్టుకతోనే పక్షవాతం అని ఆసుపత్రి లెక్క. చిన్నవాడు చేప తిని ఎరగడు మరి. తల్లి మాత్రం ఒప్పుకోలేదు. వీడు కడుపులో ఉండగా చేపలు తిన్నది నేను కదా అని ఆమె వాదన. మాయ విషాన్ని బిడ్డ దాకా పోనివ్వదని వైద్య పుస్తకాలు చెబుతున్న రోజులవి. ఆమె చెప్పిందే నిజమని తేలింది. దానికి రుజువు ఇళ్లలోనే దొరికింది. మనవాళ్లు బొడ్డూడాక ఆ ముక్కను వెండి తాయెత్తులో పెట్టినట్టే, ఇక్కడి తల్లులు ఎండిన బొడ్డుతాడును చిన్న పెట్టెలో దాస్తారు. హరదా ఇల్లిల్లూ తిరిగి వాటిని సేకరించారు. ఫ్యాక్టరీలో ఉత్పత్తి పెరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల బొడ్డుతాళ్లలో పాదరసమూ పెరిగి కనిపించింది.

ఉయి జున్ దారి వేరు. ఒక ప్లాస్టిక్ కంపెనీలో ఇంజినీరుగా ఉన్నప్పుడు ఆయన కూడా పాదరసం వ్యర్థాలు పారబోసినవాడే. ఆ సంగతి దాచుకోలేదు. టోక్యో విశ్వవిద్యాలయంలో సహాయకుడి హోదాలోనే 21 ఏళ్లు ఉండిపోయాడు. 1970 అక్టోబరు నుంచి ఆ ప్రాంగణంలోనే సాయంత్రాలు ఎవరైనా వచ్చి వినేలా కాలుష్యం మీద పాఠాలు మొదలుపెట్టాడు. డిగ్రీ లేదు, మార్కులు లేవు. 15 ఏళ్లు నడిపాడు. నా దృష్టిలో ఈ దేశపు మొదటి పర్యావరణ పీజీ కోర్సు అదే.

1970 చివర్లోనే జపాన్ పార్లమెంటు ఒక్క సమావేశంలో 14 కాలుష్య చట్టాలు చేసింది. 1971లో పర్యావరణ సంస్థ ఏర్పడింది. 1972 స్టాక్‌హోమ్ ఐరాస పర్యావరణ సదస్సు అంటే మనకు ఇందిరాగాంధీ ప్రసంగం గుర్తొస్తుంది. ఆ రోజుల్లోనే ఉయి వెంట మినమాత రోగులూ అక్కడికి వెళ్లారు. వాళ్లలో సకమోతో షినోబు, తల్లి కడుపులోనే విషం సోకిన 15 ఏళ్ల అమ్మాయి. 2017లో, పాదరసాన్ని కట్టడి చేసే మినమాత అంతర్జాతీయ ఒప్పందం దేశాల తొలి సమావేశం జరిగితే జెనీవాకూ వెళ్లి మాట్లాడింది.

తర్వాతి కాలంలో హరదా కుమమోతో గకుయెన్ విశ్వవిద్యాలయంలో మినమాత అధ్యయనం అనే పాఠ్యాంశాన్ని 2002లో మొదలుపెట్టారు. వైద్యం, న్యాయం, ఆర్థికం విడివిడిగా చూస్తే ఈ జబ్బు అర్థంకాదనీ, రోగులూ పాఠం చెప్పాలనీ ఆయన పట్టుబట్టారు. పటాన్‌చెరు నక్కవాగు పక్క ఊళ్ల నుంచో, 2020 మే 7న స్టైరీన్ పీల్చిన విశాఖ వెంకటాపురం నుంచో ఎవరైనా ఇక్కడికి చదువుకోను వస్తే ఆ పద్ధతి వాళ్లకు వెంటనే పట్టుబడుతుంది.

అయిపోయిన చరిత్ర కాదిది. 2024 మే 1న, సంస్మరణ సభ తర్వాత, బాధితులు పర్యావరణ మంత్రితో మాట్లాడుతుంటే మూడు నిమిషాలు దాటాయని అధికారులు మైకు కట్టేశారు. భార్యను పోగొట్టుకున్న ఒక వృద్ధుడు అప్పుడు ఆమె గురించి చెబుతున్నాడు. వారం తిరిగేసరికి మంత్రి మళ్లీ వెళ్లి క్షమాపణ చెప్పారు. మినమాత రోగులుగా గుర్తింపు కోసం కేసులు ఇంకా నడుస్తున్నాయి. ఎంతమందికి విషం సోకిందో తేల్చేలా షిరనుయి తీరమంతా ఆరోగ్య సర్వే చేయమని బాధితులు ఇప్పటికీ అడుగుతున్నారు. థీసిస్‌కు అంశం దొరకలేదని నాతో అనే పిల్లలకు ముందు ఈ సర్వే సంగతే చెబుతున్నాను.