వైరస్ : పేరులోని విషము

2020లో కరోనా వ్యాధి ప్రబలిన నాటినుండి "వైరస్" అను మాట మన పల్లెలలో సైతము వాడుక మాటయైనది. ఇది లాటిన్ మాట. ఆ భాషలో దీనికి విషమని అర్థము. విశేషమేమన, సంస్కృతమునుండి మనకు వచ్చిన "విషము", ఈ లాటిన్ మాట ఒకే మూలమునుండి పుట్టిన తోబుట్టువులు. లాటిన్‌లో రెండు అచ్చుల నడుమనున్న "స"కారము "ర"కారముగా మారెను. సంస్కృతమున అదియే "ష"కారమైనది.

ఇంగ్లీషువారు మొదట ఈ మాటను పాము విషము వంటి వానికి వాడిరి. పిదప అంటువ్యాధిని కలిగించు ద్రవ్యమునకు వాడిరి. 1798లో జెన్నర్ తన గ్రంథమున ఆవు మశూచి పొక్కులలోని రసమును ఈ పేరుతోనే పేర్కొనెను. వ్యాధికారణ మేదియో తెలియని ఆ కాలమున "విషము" అనుట సహజమే కదా!

1892లో రష్యా శాస్త్రజ్ఞుడు ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు ఆకుల రసమును బాక్టీరియాను ఆపగల పింగాణీ గొట్టముగుండ వడపోసెను. అయినను ఆ రసము మంచి మొక్కలకు తెగులు తెచ్చెను. బాక్టీరియా విడిచిన విషమేదో వడపోతను దాటియుండునని ఆయన ఊహించెను.

1898లో హాలండు శాస్త్రజ్ఞుడు బైయెరింక్ దీనిని మరల పరీక్షించెను. చిటికెడు ఉప్పు కలిపిన నీటిని కొద్దికొద్దిగా కుండనుండి కుండకు మార్చుచు పోయినచో రుచి నశించును. పాలకు వేయు తోడు అట్లు కాదు. ఎన్ని కుండలకు మార్చినను పాలు తోడుకొనును. తెగులు రసమును మొక్కనుండి మొక్కకు ఎక్కించుచు పోయినను దాని శక్తి తగ్గలేదు. అనగా అది ఉప్పువంటిది కాదు, తోడువంటిది. మొక్కలో వృద్ధి పొందుచున్నది. చిత్రమేమన, ఇది మామూలు విషము కాదని చూపిన ఆయనయే దానిని "వైరస్" అని వ్యవహరించెను. 1939లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని దాని రూపమును చూపెను. అది సన్నని కడ్డీ; పొడవు మిల్లీమీటరును పదివేల భాగములు చేసిన అందులో సుమారు మూడు భాగములు.

పేరు పాతదే నిలిచినను అర్థము మారినదని మనము గుర్తింపవలెను. విషము త్రాగినవానితోనే పోవును. వైరస్ ఒకనిలో పెరిగి పదిమందికి సోకును. బాక్టీరియాను చంపు యాంటిబయాటిక్ మందులు దీనిపై పనిచేయవు. కావున జలుబు చేసిన ప్రతిసారి ఆ మందులు కోరుట వ్యర్థము. మశూచి, పోలియో వంటి వైరస్ వ్యాధులను మన దేశమునుండి తరిమినవి టీకాలే.