రాజుగారి మేడలో డ్రాయింగ్ బల్లలు

వనపర్తిలో దిగి రాజుగారి బంగ్లా ఎక్కడని అడిగితే పాలిటెక్నిక్ వైపు చెయ్యి చూపిస్తారు. పాలిటెక్నిక్ ఎక్కడని అడిగితే అదే, రాజుగారి బంగ్లా అంటారు. 1959 నుంచి ఈ రెండు మాటలకూ అర్థం ఒకటే. సంస్థానాధీశులు కొలువుతీరిన ఇంట్లో, పదో తరగతి పాసైన రైతుబిడ్డలు మినీ డ్రాఫ్టరు చంకన పెట్టుకుని తిరగడం ఇక్కడివాళ్లకు వింత కాదు. నాకు మాత్రం పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతం, చరిత్రలో ఇంతకన్నా ఆలోచనలో పడేసే దృశ్యం మరొకటి కనిపించదు. దేశంలో లేచిన ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది ఈ గడ్డ మనుషులే. ఆ ఆనకట్ట నక్షాను చదవడం నేర్పే బడి వీళ్లకు ఎప్పుడొచ్చింది, వచ్చాక ఎంత దూరం నడిచింది అన్నదే ఇక్కడ నేను చెప్పదలచుకున్నది.

సంస్థానాల కాలంలో ఇక్కడ చదువంటే సాహిత్యం, వ్యాకరణం, శాస్త్రాలు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డలో గద్వాల, కృష్ణకు ఇవతల వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్. పండితులు ఏటేటా వచ్చి సంభావనలు అందుకుని వెళ్లేవాళ్లు. గద్వాలకు 'విద్వద్గద్వాల' అన్న పేరు అట్లా వచ్చిందే. తిరుపతి వేంకట కవులు కూడా ఈ కొలువుల మెట్లెక్కి అవధానాలు చేసినవారే. పద్యానికి అంత ఆదరణ ఉన్న నేల మీద పనితనానికి బడి లేదు. పనితనం మాత్రం ఉంది, దండిగా ఉంది. వనపర్తి సంస్థానంలో తవ్వించిన పెద్ద చెరువులను జనం సప్త సముద్రాలంటారు. అలుగు ఏ ఎత్తున పెట్టాలో, తూము ఎక్కడ వదలాలో, కట్టకు లోపలి వాలు ఎంత ఇవ్వాలో తెలియకుండా ఆ కట్టలు నిలవవు. ఆ లెక్క తెలిసినవాళ్ల పేర్లు ఏ శాసనంలోనూ పెద్దగా కనిపించవు. వాళ్లు చదువుకున్న బడి కట్ట మీదే ఉండేది, మేస్త్రీయే అయ్యవారు.

గద్వాల చీర సంగతీ అంతే. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండు వేర్వేరు స్వభావాల దారాలను మగ్గం మీదే కలిపి, ఎక్కడ అతికారో తెలియకుండా నేస్తారు. నూలు లాగే బిగువు వేరు, పట్టు లాగే బిగువు వేరు. ఆ తేడాను చేత్తో పసిగట్టడం పిల్లలకు ఇంట్లోనే పట్టుబడుతుంది. తొమ్మిదేళ్ల పిల్లవాడు తండ్రి పక్కన గుంటలో కాళ్లు పెట్టుకుని నేర్చుకున్నది సాంకేతిక విద్య కాక మరేమిటి? దాన్ని విద్య అని ఏ ప్రభుత్వమూ చాలాకాలం అనుకోలేదు, అంతే.

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. 1949లో జాగీర్ల రద్దు వచ్చింది. ఆ వెనకే సంస్థానాల అధికారమూ పోయింది. అధికారం పోతే మిగిలేది గోడలు. మేడలు, కోటలు, గుర్రపుశాలలు, రాణివాసాలు ఊరి నడిబొడ్డున ఖాళీగా నిలబడ్డాయి. తెలంగాణలో ఇట్లాంటి గడీలు ఎన్నో పావురాల పాలయ్యాయి. ఇక్కడ మాత్రం మూడు ఊళ్లలో మూడూ చదువుకే వెళ్లడం గమనించదగ్గ విషయం. గద్వాల కోటలో, చెన్నకేశవుడి గుడి ఉన్న ఆవరణలోనే, మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కళాశాల నడుస్తోంది. పదిహేడో శతాబ్దంలో పెద సోమభూపాలుడు కట్టించిన మట్టికోట బురుజుల మధ్య నుంచి పిల్లలు తరగతికి వెళ్తారు. కొల్లాపూర్‌లో రాణి ఇందిరాదేవి పేరిట బడి నిలిచింది, అందరికీ అది ఆర్.ఐ.డి. వనపర్తి మేడకు దక్కింది సాంకేతిక విద్య.

ఆ మేడ వారసుడు రాజా రామేశ్వరరావు. 1923లో పుట్టినవాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక దౌత్యరంగంలోకి వెళ్లి ఆఫ్రికాలో పనిచేశాడు, తిరిగొచ్చి 1957 నుంచి 1977 దాకా ఈ ప్రాంతం నుంచి లోక్‌సభలో కూర్చున్నాడు, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపించాడు. ఆయన భార్య శాంతా రామేశ్వరరావు హైదరాబాద్‌లో విద్యారణ్య పాఠశాలను స్థాపించింది. పుస్తకం, బడి రెండూ ఒకే ఇంటి ఆలోచనలో కలిసిపోయే రోజులవి. రామేశ్వరరావు తండ్రి కృష్ణదేవరావు. ఆ పేరే పొడి అక్షరాలై కె.డి.ఆర్. పాలిటెక్నిక్ అయింది. నెహ్రూ చేతుల మీదుగా మొదలైన కాలేజీ అని వనపర్తి ఈనాటికీ గర్వంగా చెప్పుకుంటుంది.

ఎందుకు పాలిటెక్నికే, ఎందుకు అప్పుడే? రెండో పంచవర్ష ప్రణాళిక 1956లో మొదలైంది. ఆనకట్టలు, విద్యుత్ కేంద్రాలు, ఉక్కు కర్మాగారాలు ఒక్కసారిగా తలపెట్టారు. గీసేవాడు ఇంజనీరు, మోసేవాడు కూలీ. ఈ ఇద్దరి మధ్య నక్షాను చదివి నేల మీద సున్నంతో గీత వేయించేవాడు కావాలి. మూడేళ్ల డిప్లొమా పుట్టింది ఆ మనిషి కోసం. తెలంగాణలో ఈ అవసరానికి మరో పదును ఉంది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంలో విద్య గురించి ప్రత్యేకంగా ఒక షరతు రాసుకున్నారు. తెలంగాణలోని సాంకేతిక విద్యాసంస్థలతో సహా కళాశాలల్లో సీట్లు ఇక్కడి విద్యార్థులకే ఇవ్వాలి, లేదా రాష్ట్రం మొత్తం సీట్లలో మూడోవంతు ఇవ్వాలి, ఏది మేలైతే అది. సాంకేతిక విద్య అన్న మాట ఆ కాగితం మీద విడిగా పడిందంటే ఇక్కడి పెద్దలకు ఆ లోటు ఎంత బాధగా ఉండేదో అర్థమవుతుంది. 1959 అక్టోబరులో వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. వనపర్తి పాలిటెక్నిక్‌దీ ఆ సంవత్సరమే.

వనపర్తికి 1959 మరో కారణంగానూ గుర్తుండాలి. కొత్తకోటకు దగ్గర, ఇప్పటి మదనాపురం మండలంలో, సరళాసాగర్ ప్రాజెక్టు ఆ ఏడాది జులైలో ప్రారంభమైంది. రామేశ్వరరావు తన తల్లి సరళాదేవి పేరు పెట్టించిన జలాశయం, 1949లో మొదలుపెట్టినది. దానికి గేట్లు లేవు, గేట్లెత్తే మనిషీ లేడు. సైఫన్లు ఉన్నాయి. గోపురంలాంటి కప్పు కింద వంపు తిరిగిన కాంక్రీటు గొట్టం. జలాశయంలో నీళ్లు నిండు మట్టానికి పైకి రాగానే ఆ వంపు మీదుగా కొద్దికొద్దిగా అవతలికి జారడం మొదలెడతాయి. జారే నీళ్లు లోపలి గాలిని తమతో ఈడ్చుకుపోతాయి. గాలి ఖాళీ అయ్యేసరికి గొట్టం నిండా నీళ్లు పట్టి ఒక్క ఉరుకున బయటపడతాయి. నీటిమట్టం మళ్లీ తగ్గగానే లోపలికి గాలి దూరుతుంది, ప్రవాహం దానంతటదే తెగిపోతుంది. 17 పెద్ద సైఫన్లు, వాటిని రాజేసే 4 ప్రైమింగ్ సైఫన్లు. సైఫన్లు తెరుచుకున్న రోజున చుట్టుపక్కల ఊళ్ల జనం తిరునాళ్లకు వచ్చినట్టు వస్తారు. ద్రవాల ఒత్తిడి గురించి తరగతిలో వంద సూత్రాలు నేర్పినా ఆ కట్ట మీద ఒక్క వానాకాలపు సాయంత్రం నేర్పినంత నేర్పలేవు. 2019 డిసెంబరు 31న ఈ ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. తెగిన మట్టికట్టను తర్వాత పూడ్చి కట్టారు. ఒక ఇంజనీరింగ్ బడికి ఇంత దగ్గర్లో ఇట్లాంటి ప్రయోగశాల ఉండడం చాలా అరుదైన భాగ్యం.

ఇప్పుడు పాలమూరు లేబర్ దగ్గరికి, అంటే కూలికి వలసపోయిన ఈ జిల్లా జనం దగ్గరికి రావాలి. గుంపు మేస్త్రీ ఊళ్లోకొచ్చి బయానా ఇచ్చి, మగాళ్లనూ ఆడాళ్లనూ లారీ ఎక్కించుకుని పోయేవాడు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. రాతితో కట్టిన ఆ మహా కట్టడానికి పాలమూరు తలలు తట్టలు మోశాయి. తర్వాత దేశంలో ఎక్కడ డ్యాం లేస్తే అక్కడికి, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడికి. ఊళ్లో ముసలివాళ్లు, పసివాళ్లు మిగిలేవాళ్లు. అట్లాంటి జిల్లాలో ఎల్.సి.ఇ. చదివిన కుర్రాడంటే ఏమిటో ఊహించండి. ఆనాడు సివిల్ డిప్లొమాను ఎల్.సి.ఇ. అనేవాళ్లు, మెకానికల్‌ను ఎల్.ఎం.ఇ., ఎలక్ట్రికల్‌ను ఎల్.ఇ.ఇ. ఆ మూడక్షరాలు పేరు వెనక పడితే తట్ట పట్టవలసిన చెయ్యి డంపీ లెవెల్ పట్టేది. పాలిటెక్నిక్ గురించి లెక్కలు ఎన్నైనా తీయొచ్చు. కాని దాని విలువ నాకు ఈ చేతుల మార్పిడిలోనే కనిపిస్తుంది.

సాగర్ పేరు మరోచోటికీ వెళ్లింది. 1965లో హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ ఇంజనీరింగ్ కళాశాల వెలిసింది. 1972 అక్టోబరు 2న అనంతపురం, కాకినాడ కళాశాలలతో కలిసి అదే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం (జె.ఎన్.టి.యు.) అయింది. డ్యాంకు రాళ్లు మోసిన జిల్లాలో మాత్రం అప్పుడూ ఉన్నది డిప్లొమానే. వనపర్తిలో చదివినవాళ్లు హైదరాబాద్ బస్సెక్కారు. అప్పటికే అక్కడ బి.హెచ్.ఇ.ఎల్., ఇ.సి.ఐ.ఎల్. వచ్చాయి, సచివాలయపు పెద్ద కార్యాలయాలు ఉన్నాయి. తల్లిదండ్రులు వలసపోయింది తట్టతో, పిల్లలు వలసపోయింది సర్టిఫికెట్‌తో.

కాలేజీ వెంట పని కూడా వస్తే ఏమవుతుందో చూడాలంటే, వనపర్తి పాలిటెక్నిక్ పుట్టిన ఆ 1959లోనే చైనాలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. షాంఘైలో 1896లో నాన్యాంగ్ పబ్లిక్ స్కూలుగా మొదలై పెద్ద ఇంజనీరింగ్ విశ్వవిద్యాలయంగా ఎదిగింది జియావోతుంగ్. సముద్రతీరాన ఉన్న ఆ విశ్వవిద్యాలయాన్ని దేశం లోపలికి, పాత రాజధాని షియాన్‌కు తరలించాలని 1955లో ప్రభుత్వం నిశ్చయించింది. 1956 నుంచి అధ్యాపకులు, విద్యార్థులు, పుస్తకాలు, యంత్రాలు రైలెక్కాయి. అందరూ వెళ్లలేదు. చివరకు 1959లో షాంఘైది ఒకటి, షియాన్‌ది ఒకటి, రెండు వేర్వేరు విశ్వవిద్యాలయాలుగా తేల్చారు. ఈనాడు రెండూ చైనాలో అగ్రశ్రేణిలో ఉన్నాయి.  షియాన్‌కు కాలేజీ వెళ్లినప్పుడు కర్మాగారాలూ వెళ్లాయి. పనీ చదువూ ఒకే ఊళ్లో కాపురం పెట్టాయి. వనపర్తికి కాలేజీ వచ్చింది, వెంట పని రాలేదు. తేడా ఇక్కడుందని నేను నమ్ముతాను. మన పిల్లల తెలివిలో లేదు, రాజుగారి దానంలోనూ లేదు.

ఆ తర్వాతి దశాబ్దాలను త్వరగా దాటేయొచ్చు. 1990లలో ప్రపంచ బ్యాంకు సాయంతో పాలిటెక్నిక్‌లను మెరుగుపరిచే పథకం రెండో విడతలో ఆంధ్రప్రదేశ్‌కూ చోటు దక్కింది. ఇ-సెట్ రాసి బి.టెక్. రెండో సంవత్సరంలో చేరే దారి తెరుచుకున్నాక డిప్లొమా చాలామందికి మజిలీ అయింది, గమ్యం కాదు. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు హైదరాబాద్ చుట్టూ దడికట్టినట్టు లేచాయి. పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో మహబూబ్‌నగర్‌లో ఏర్పడి, వనపర్తి, గద్వాల, కొల్లాపూర్‌లలో పి.జి. కేంద్రాలు నడుపుతోంది. పాత సంస్థానాల పటమే మళ్లీ కళ్ల ముందు పరుచుకున్నట్టుంది.

2016 అక్టోబరు 11న జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడూ జిల్లాలయ్యాయి. ఆ తర్వాత క్యాంపస్‌లు వేగంగా వచ్చాయి. 2017లో పెబ్బేరులో మత్స్య కళాశాల. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు, 2024లో గద్వాలలో మరొకటి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో ముందునుంచీ వ్యవసాయ పరిశోధన కేంద్రం, వ్యవసాయ పాలిటెక్నిక్ ఉన్నాయి. వీటన్నిటిలోకీ నన్ను కదిలించింది 2022లో వనపర్తికి వచ్చిన జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల. పాలిటెక్నిక్‌కూ దానికీ మధ్య 63 ఏళ్లు. మూడు తరాలు. మనవడు బి.టెక్. ఊళ్లోనే చదువుతున్నాడు, తాత ఎల్.సి.ఇ. ఊళ్లోనే చదివాడు, మధ్యలో తండ్రి హైదరాబాద్ హాస్టల్లో గడిపాడు.

ఈసారి పని కూడా దగ్గరకొచ్చింది. గద్వాల దగ్గర జూరాలలో 234 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం. కొల్లాపూర్ దగ్గర ఎల్లూరులో శ్రీశైలం వెనుక జలాలను ఎత్తిపోసే కల్వకుర్తి పథకం, అక్కడి ఒక్కో పంపు 30 మెగావాట్లది. అదే కొల్లాపూర్ మండలం నార్లాపూర్‌లో పాలమూరు–రంగారెడ్డి పథకం పంపు ఒక్కోటి 145 మెగావాట్లు, మొదటిది 2023 సెప్టెంబరు 16న తిరిగింది. అంత పెద్ద యంత్రం బేరింగు వేడెక్కితే ముందు పసిగట్టవలసింది డిప్లొమా చదివిన ఆపరేటరే. ఆ కుర్చీలో ఎల్లూరు పిల్లో, గద్వాల పిల్లాడో కూర్చోవాలంటే కె.డి.ఆర్. ఎలక్ట్రికల్ ల్యాబులో ఆ పంపు పాఠం ఉండాలి. పాఠ్యప్రణాళిక రాసేవాళ్లు ఒకసారి నార్లాపూర్ దాకా వచ్చి చూసి రాయాలని నా కోరిక.

మేడ గురించి ఒక మాట మిగిలింది. సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక గోడ లోలోపలే గుల్లబారుతుంది. ఇది సివిల్ చదివే ప్రతి విద్యార్థికీ తెలియవలసిన సంగతి, వనపర్తిలో చదివే విద్యార్థికి మరీ తెలియాలి, అతని తరగతి గదే అట్లాంటి గోడల మధ్య ఉంది కనుక. ఏటా సర్వే క్యాంపు ఎక్కడో గుట్ట దగ్గర పెట్టే బదులు ఒక ఏడాది ఈ బంగ్లానే కొలవమనాలి. గది గదికీ టేపు పట్టాలి. దంతెల పగుళ్లు, నెర్రెల వెడల్పు, మెట్ల అరుగుదల అన్నీ షీటు మీదికి ఎక్కించాలి. బాగుచేయాలని ప్రభుత్వం ఎప్పుడు కదిలినా ముందు కావలసింది ఆ నక్షానే. దాన్ని ఈ పిల్లలకన్నా బాగా గీసేవాళ్లు ఎవరున్నారు? లెవెల్ స్టాండును ముందు వరండాలో నిలబెట్టి, మొదటి రీడింగు ఒకప్పుడు రాజుగారు దిగిన మెట్టు మీద తీయమనాలి.