అదే రీలు, వేరు వేరు చట్రాలు

మీడియం ఫార్మాట్ కెమెరాల చరిత్రలో రీలు వెడల్పు మారలేదు, బొమ్మ పొడవే మారుతూ వచ్చింది. ఆ మార్పులన్నిటికీ కారణం ఫొటోగ్రాఫర్ చేసే పని. 1901లో కొడాక్ తన నంబర్ 2 బ్రౌనీ కోసం తెచ్చిన 120 రీలు, సుమారు ఆరు సెంటీమీటర్ల వెడల్పుతో, ఈనాటికీ తయారవుతోంది. ఆ అట్టపెట్టె కెమెరాలో 6×9 సెంటీమీటర్ల బొమ్మలు వచ్చేవి. నెగటివ్‌ను కాగితానికి ఆనించి అదే సైజులో ప్రింటు తీసుకునే రోజులవి. నెగటివ్ ఎంత పెద్దదైతే ఆల్బంలో మొహాలు అంత బాగా కనిపించేవి.

1929లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకె, హైడెకె కంపెనీ రోలీఫ్లెక్స్‌ను తెచ్చింది. అసలు మలుపు ఇక్కడే ఉంది. రెండు లెన్సులున్న ఈ పెట్టెను పొట్ట దగ్గర పట్టుకుని పైనుంచి తల వంచి చూడాలి. నిలువు బొమ్మ కోసం దాన్ని పక్కకు తిప్పితే చూడటమే కష్టమవుతుంది. చదరపు బొమ్మతో ఆ అవసరమే తప్పింది. నిలువో అడ్డమో ప్రింటు వేసేటప్పుడు తేల్చుకోవచ్చు. 120 రీలుకు చదరపు బొమ్మలు పన్నెండు వస్తాయి. కళ్లకు అడ్డంగా కెమెరా లేకపోవడంతో ఎదుటి మనిషి బిగుసుకుపోడు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఫొటోగ్రాఫర్ హోమై వ్యారావాలా చేతిలోనూ రోలీఫ్లెక్స్ ఉండేది. తర్వాత జపాన్ యాషికాలు మన స్టూడియోలకు, భారతదేశంలోనే తయారైన అగ్ఫా క్లిక్ త్రీ మధ్యతరగతి ఇళ్లకు ఇదే చదరపు బొమ్మను చేర్చాయి.

స్వీడన్ హాసెల్‌బ్లాడ్ 1957లో తెచ్చిన 500సి కూడా చదరమే. దాని షట్టర్ లెన్సులోనే ఉండటం వల్ల సెకనులో ఐదువందలో వంతు దాకా ఫ్లాష్ కలుస్తుంది. ఎండలో పెళ్లికూతురి మొహం మీది నీడను ఫ్లాష్‌తో తొలగించాలంటే నేటికీ దీనికి సాటి వచ్చే ఫిల్ము కెమెరాలు తక్కువ.

అయితే ప్రింటు కాగితం చదరం కాదు. 8×10 అంగుళాల కాగితానికి చదరపు బొమ్మను కోస్తే ఐదో వంతు పోతుంది. పత్రికలకు, ప్రకటనలకు పనిచేసేవారికి అది నష్టమే. అందుకే 6×7 వచ్చింది, రీలుకు పది బొమ్మలు. 1969 నాటి పెంటాక్స్ 6×7ను మెడలో వేసుకుని తిరగవచ్చు. కానీ పెద్ద అద్దం లేచినప్పుడు అదిరిపోతుంది. పైగా ఫ్లాష్ వాడాలంటే వేగం ముప్పైయో వంతు దాటకూడదు. 1970లో వచ్చిన మామియా ఆర్‌బి67లో కెమెరాను కదపకుండా వెనక భాగాన్నే నిలువుకూ అడ్డానికీ తిప్పవచ్చు. స్టాండు మీద, స్టూడియోలో దానికి తిరుగులేదు. చేత్తో మోస్తూ ఊరేగింపు వెంట నడవడానికి మాత్రం పనికిరాదు.

1975లో వచ్చిన మామియా ఎం645 బొమ్మ పొడవు తగ్గించి, రీలుకు పదిహేను బొమ్మలిచ్చింది. పెళ్లిలో తలంబ్రాలు మొదలయ్యాక రీలు మార్చుకుంటూ కూర్చునే తీరిక ఎవరికుంటుంది? నెగటివ్ చిన్నదైనా 35 మిల్లీమీటర్ల బొమ్మకు రెండున్నర రెట్లకు పైగా పెద్దది.

కొనేవారికి నా మాట: నెగటివ్ సైజు చూసి కాదు, చేసే పనిని చూసి కెమెరా ఎంచుకోండి. వేడుకలకు 645, స్టూడియో మనుషులకు 6×7, స్టాండు వేసి నిదానంగా తీసే కొండలకు, కోటలకు 6×9. ఏ పనికో ఇంకా తేల్చుకోనివారు రెండు లెన్సుల చదరపు కెమెరాతో మొదలుపెట్టండి.